కాథరీన్ హెప్‌బర్న్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి

ముందే ఒక మాట. హెప్‌బర్న్ అనగానే నల్ల గౌను, ముత్యాల హారం గుర్తొస్తే ఆవిడ ఆడ్రీ. నేను చెప్పేది పాత హాలీవుడ్ హీరోయిన్ కాథరీన్ గురించి, ఇద్దరికీ కలిసింది ఇంటిపేరు ఒక్కటే. 1907లో కనెక్టికట్‌లో పుట్టి 96 ఏళ్లు బతికింది, ఉత్తమ నటి ఆస్కార్లు నాలుగు తీసుకుంది.

1932లో వచ్చిన మొదటి సినిమా నుంచి వరసగా చూసుకుంటూ పోదాం అనుకోకండి, మూడోదానికే విసుగొచ్చి వదిలేస్తారు. 1938 నాటి 'బ్రింగింగ్ అప్ బేబీ'తో మొదలుపెట్టండి. హోటల్లో ఆవిడ గౌను వెనకభాగం చిరిగిపోతే, అది ఎవరికీ కనపడకుండా హీరో క్యారీ గ్రాంట్ ఆవిడ వెనకాలే అతుక్కుని అడుగులో అడుగు వేస్తూ బయటికి నడిచే సీన్‌కి ఇప్పటికీ నవ్వాగదు. సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోండి, ఆ స్పీడు అందుకోవడం మనవల్ల కాదు.

ఇంత బాగున్న సినిమా అప్పట్లో ఫ్లాప్. అదే ఏడాది థియేటర్ల ఓనర్లు కొందరు ఆవిడతో సహా పెద్ద పెద్ద స్టార్ల పేర్లు వేసి, వీళ్లు బాక్సాఫీస్‌కి విషం అని ప్రకటన ఇచ్చారు. మన ఇండస్ట్రీ భాషలో ఐరన్ లెగ్ అన్నమాట. ఇంకొకరైతే ఇచ్చిన వేషం వేసుకుని సర్దుకునేవారేమో, ఈవిడ ఆర్‌కేవో స్టూడియోకి ఎదురు డబ్బు కట్టి కాంట్రాక్ట్ తెంచుకుని నాటకాలకి వెళ్లిపోయింది.

అందుకే రెండోది కచ్చితంగా 'ది ఫిలడెల్ఫియా స్టోరీ' (1940), వీలైతే మర్నాడే చూడండి. ఇది ముందు నాటకం, న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లో ఆ వేషం వేసింది కూడా ఆవిడే. కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ సినిమా హక్కులు కొనిపెడితే, హీరోయిన్ నేనే అని షరతు పెట్టి ఎంజీఎం స్టూడియోకి అమ్మింది, డైరెక్టర్‌గా జార్జ్ క్యూకర్‌ని తనే ఎంచుకుంది. మొదటి సీన్ రెండుసార్లు చూడండి. మొగుడి గోల్ఫ్ కర్రని మోకాలికేసి విరిచి పారేస్తుంది, అతను వెనక్కొచ్చి ముఖం మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోస్తాడు, పడిపోతుంది. ఈవిడకి పొగరెక్కువ అని జనం అప్పటికే చిరాగ్గా ఉన్నారు కదా, ఆ పొగరు అణిగేది మొదటి నిమిషంలోనే చూపించేశారు. నాకైతే కొంచెం బాధగానే ఉంటుంది గానీ లెక్క మాత్రం పక్కా, సినిమా సూపర్ హిట్.

నటుడు స్పెన్సర్ ట్రేసీతో చేసినవి తొమ్మిది. టైమ్ లేకపోతే మొదటిదీ చివరిదీ చాలు, 'ఉమన్ ఆఫ్ ది ఇయర్' (1942), 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్' (1967). ఆయనకి వేరే సంసారం ఉంది, విడాకులు తీసుకోలేదు, వీళ్లిద్దరూ పాతికేళ్ల పైన తోడుగా ఉన్నారు. చివరిదాంట్లో ఆయన పెద్ద డైలాగ్ చెబుతుంటే మీరు వెనకాల ఉన్న ఆవిడ కళ్లు చూడండి. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా పాడైంది, షూటింగ్ అయిన మూడు వారాల్లోపే పోయారు. ఆ సినిమా పూర్తిగా ఎప్పుడూ చూడలేదని తర్వాత ఆవిడే చెప్పింది.

'ది ఆఫ్రికన్ క్వీన్' (1951) ఏదో ఒక ఆదివారం పెట్టుకోండి. షూటింగ్ కాంగోలో, ఉగాండాలో. మంచినీళ్లు తాగిన ఈవిడకి విరేచనాలు పట్టుకుంటే, విస్కీతో గడిపేసిన హీరో బోగార్ట్, డైరెక్టర్ హ్యూస్టన్ మాత్రం గుండ్రాయిల్లా ఉన్నారు.

చివర్న 'ఆన్ గోల్డెన్ పాండ్' (1981). తల వణకడం నటన కాదు, అప్పటికి ఆవిడకి నిజంగానే వణుకు ఉంది. నాలుగో ఆస్కార్ దీనికే. తన నాలుగింటిలో ఒక్కటి కూడా తీసుకోవడానికి వేదిక ఎక్కలేదు, 1974లో మాత్రం ఒక నిర్మాతకి అవార్డు ఇవ్వడానికి ప్యాంటు వేసుకుని వచ్చింది. హాలంతా లేచి నిలబడే ఆ వీడియో యూట్యూబ్‌లో దొరుకుతుంది, ఇవన్నీ అయ్యాకే చూడండి.