మిద్దె తోటలో రసం పీల్చే పురుగులను అదుపు చేయడం ఎలా?

హైదరాబాద్‌లో చలి మొదలయ్యేసరికి మిద్దె మీద చిక్కుడు పాదుకు పూత వస్తుంది. దాని వెనకే పేనుబంక దిగుతుంది. పూత కాడల మీద, లేత కాయల మీద నల్ల నువ్వులు అతికించినట్టు బారులు తీరి కనిపిస్తుంది. ఉప్పల్‌లో మా మేడ మీద కుండీలు పెట్టిన మొదటి ఏడాది అది చూసి టెన్షన్ పడి, ఒక దుకాణంలో ఇచ్చిన మందు తెచ్చి కొట్టాను. వారం రోజులు పురుగు కనబడలేదు. ఆ తర్వాత అంతకు రెట్టింపు వచ్చింది. పేనుబంకను తినే పురుగులు కూడా ఆ మందుకే చచ్చిపోయాయని ఆలస్యంగా అర్థమైంది. అందుకే మందు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆకు తిప్పండి.

మొదట పురుగును గుర్తుపట్టండి

పొద్దున్నే నీళ్లు పోసేటప్పుడు ఆకుల అడుగు భాగం, చిగుళ్లు, ఆకు కాడ కొమ్మను కలిసే చోటు చూడాలి. మొక్కను కదపగానే తెల్లటి పొడి లేచినట్టు ఎగిరి మళ్లీ ఆకు అడుగున వాలితే అది తెల్లదోమ. మందార, జామ, బొప్పాయి మీద దూది ముద్దల్లా ఉంటే పిండినల్లి. బెండ, వంగ ఆకుల అంచులు పసుపు రంగుకు మారి ముడుచుకుంటూ, ఆకు తిప్పగానే లేత పచ్చ పురుగులు పక్కకు అడ్డంగా నడిస్తే పచ్చదోమ. నిమ్మ, కరివేప కొమ్మల మీద కదలకుండా గోధుమ రంగు పొక్కుల్లా ఉండేవి పొలుసు పురుగులు.

ఇవన్నీ దగ్గరి చుట్టాలే. సూది లాంటి నోటిని మొక్కలోకి గుచ్చి రసం తాగుతాయి. వరి రైతులను వణికించే సుడిదోమ కూడా ఈ గుంపులోదే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో దాన్ని తట్టుకునే రకాల కోసం ఏళ్లుగా పని జరుగుతోంది.

మిరప దగ్గర మాత్రం పొరబడకండి. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, సాలీడు కోవకు చెందిన చిన్న ప్రాణి). ఈ రెండూ వేరే జాతులు. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు పనిచేస్తుంది. మంచి ఎండల్లో కొట్టకూడదు, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అసలే వద్దు. ఆకులు మాడిపోతాయి.

చీమలు ఏం చెబుతున్నాయో చూడండి

మొక్క రసంలో చక్కెర ఎక్కువ, పురుగుకు కావలసిన మాంసకృత్తులు తక్కువ. అందుకని అది చాలా రసం తాగి, మిగిలిన తీపిని జిగురుగా వదిలేస్తుంది. ఆకులు బంకగా తగలడానికి, వాటి మీద నల్లటి మసి పట్టడానికి ఆ జిగురే కారణం. దాని కోసమే చీమలు వస్తాయి, వచ్చి పేనుబంకకు కాపలా కాస్తాయి. మిత్ర పురుగులను దగ్గరికి రానివ్వవు. కుండీ ఎక్కుతున్న చీమల బారు కనిపిస్తే ముందు దాన్ని ఆపండి. కుండీని ఇటుకల మీద పెట్టి, ఆ ఇటుకలు నీళ్ల పళ్లెంలో ఉండేలా చూస్తే చాలు.

నీళ్లతోనే మొదలు పెట్టండి

పైపు చివర బొటనవేలు పెట్టి, ఆకుల అడుగు నుంచి ధార కొట్టండి. కింద పడిన పేనుబంకలో చాలా భాగం తిరిగి ఎక్కలేదు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో స్ప్రే సీసా చాలు, కాకపోతే ఓపిక కావాలి. వరుసగా మూడు నాలుగు రోజులు చేయాలి, ఎందుకంటే పేనుబంక ఆడపురుగు మగదాని అవసరం లేకుండానే నేరుగా పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లలను పెడతాయి.

పిండినల్లి మైనపు పొడి కప్పుకుని ఉంటుంది కాబట్టి దాని మీద నీళ్లు నిలవవు. పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, లేదా స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. బాగా పట్టిన కొమ్మను కత్తిరించి, కవర్లో ముడివేసి చెత్త బండికి ఇవ్వండి. కంపోస్టులో వేయొద్దు.

వేపనూనె కొట్టే పద్ధతి

1500 పీపీఎం (గాఢతను చెప్పే అంకె) వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. నూనె, నీళ్లు కలవవు కాబట్టి ముందు నూనెలో చెంచాడు చిక్కటి కుంకుడు రసం వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, ఆపై నీళ్లు పోయండి. బట్టల సబ్బు పొడి వాడితే లేత ఆకులు మాడతాయి. మొదట రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగి చూడండి. ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వేప వెంటనే చంపదు. తిండి తగ్గిస్తుంది, కుబుసం విడవనివ్వదు. గుడ్లకు పెద్దగా ఏమీ కాదు కాబట్టి వారానికోసారి మూడు సార్లు కొట్టాలి. తెల్లదోమకు తోడుగా పసుపు రంగు అట్టకు ఆముదం పూసి మొక్క ఎత్తున వేలాడదీయండి.

వీటిని మాత్రం చంపకండి

ఇది నేను మరీ మరీ చెప్పాలనుకునే మాట. అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు, దాని పిల్లను ఎవరూ గుర్తుపట్టరు. నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటుంది. పేనుబంకను అది కూడా తింటుంది. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, బంగారు గోధుమ రంగులో కదలకుండా ఉంటే వాటినీ తీయొద్దు. వాటి లోపల ఒక చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోంది. 2008లో తమిళనాడులో బయటపడిన బొప్పాయి పిండినల్లిని కూడా చివరకు అలాంటి చిన్న కందిరీగే లొంగదీసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు.

బెండ ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారినా, టమాటా ఆకులు గిడసబారి ముడుచుకున్నా అది తెల్లదోమ తెచ్చిన వైరస్ కావచ్చు. దానికి మందు లేదు. ముందుగా తెల్లదోమకు వేపనూనె కొట్టి, మరుసటి రోజు ఆ మొక్కను పీకేయండి. నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్కను రెండు వారాలు మిగతా కుండీలకు దూరంగా, మెట్ల దగ్గరో బాల్కనీలోనో ఉంచి, రోజూ ఆకు తిప్పి చూశాకే మేడ మీదికి తీసుకెళ్లండి.