రైలెక్కే గోల్ఫ్ బ్యాగులో ఏడు క్లబ్బులు చాలు

రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సుకి వెళ్లి ఆడే నాలాంటి వాళ్లకి చెప్తున్నా, 14 క్లబ్బులూ, అంటే బంతిని కొట్టే కర్రలన్నీ, మోయకండి. రూల్ ప్రకారం 14 మించకూడదు అంతే, తక్కువ ఉంటే ఏ పెనాల్టీ లేదు. 1916లో చిక్ ఎవాన్స్ ఏడింటితోనే అమెరికా ఓపెన్ గెలిచాడు.

నా ఏడు ఇవి: దూరం కొట్టడానికి 3 వుడ్, ఒక హైబ్రిడ్, 6, 8 ఐరన్లు (నంబర్ పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది), 9 ఐరన్ తర్వాతదైన పిచింగ్ వెడ్జ్, ఇసుకలోంచి ఎత్తి కొట్టే శాండ్ వెడ్జ్, బంతిని గుంతలోకి దొర్లించే పటర్. చాలామంది 5, 7, 9 ఐరన్లు పెట్టుకుని పిచింగ్ వెడ్జ్ వదిలేస్తారు, అప్పుడు 9కీ శాండ్ వెడ్జ్‌కీ మధ్య పెద్ద ఖాళీ వస్తుంది, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గరికొచ్చాక అది బాగా ఇబ్బంది పెడుతుంది. అందుకే సరి సంఖ్యలే మేలు. అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్, దాన్ని ఇంట్లో ఉండనివ్వండి.

అసలు నేర్చుకోవాల్సింది మధ్య దూరాలు. మీ 6 ఐరన్ 150 గజాలు, 8 ఐరన్ 130 వెళ్తాయనుకోండి, గుంత దగ్గరి జెండా 140లో ఉంది. 8 తీసి బలమంతా పెట్టి కొట్టొద్దు, బంతి పక్కకి పోతుంది. 6 తీసుకుని ఎప్పుడూ పట్టుకునే చోటికంటే అంగుళం కిందకి పట్టుకోండి, కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చేతి పైన గ్రిప్ రబ్బరు ఇంకో అంగుళం బయటికి కనపడాలి. చేతులు భుజం ఎత్తు దాకా లేపి ఆపండి. కానీ కిందకి వచ్చేటప్పుడు మాత్రం స్పీడు తగ్గించకండి, భయపడి మధ్యలో మెల్లగా చేస్తే క్లబ్బు బంతికి ముందే నేలలో దిగుతుంది. ఎదురుగాలి ఉన్నప్పుడు కూడా ఈ షాటే కాపాడుతుంది, బంతి కిందగా వెళ్తుంది కాబట్టి.

ఇది కోర్సులో నేర్చుకునేది కాదు. పొద్దున్నే ఖాళీ మైదానంలో ఒక్కో ఐరన్‌తో పది బంతులు ఫుల్ స్వింగ్, పది బంతులు కిందకి పట్టుకుని కొట్టి, అడుగులేసి కొలిచి చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎండాకాలం నాగావళిలో నీళ్లు తగ్గి ఇసుక తేలిన చోట శాండ్ వెడ్జ్ పట్టుకెళ్లండి. దాని ముఖం, అంటే బంతికి తగిలే వైపు, ఆకాశం వైపు కాస్త తెరిచి బంతికి రెండంగుళాల వెనక ఇసుకని కొట్టాలి, ఆ ఇసుకే బంతిని ఎత్తి విసురుతుంది.

పోటీలో ఏడుతో మొదలెట్టి మధ్యలో ఇంకోటి కావాలనిపిస్తే 14 దాకా చేర్చుకోవచ్చు, ఆట ఆలస్యం చేయకూడదు, కోర్సులో ఆడుతున్న మరొకరి క్లబ్బు మాత్రం అడిగి వాడకూడదు.