థాయిలాండ్ టికెట్ కొనే ముందు అక్కడి సముద్రం సంగతి చూసుకోండి

ఏటా మే నెల మధ్య దాటేసరికి మన పేపర్లలో ఒక వార్త వస్తుంది, నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రంలోకి ప్రవేశించాయని. మనం అది చదివి, ఇంకో రెండు మూడు వారాల్లో మనకూ వాన పడుతుందని సంతోషిస్తాం. ఫుకెట్, క్రాబీ, ఫీఫీ దీవులు ఉన్నది ఆ సముద్రం తూర్పు ఒడ్డునే. అంటే ఇక్కడ మన పిల్లలకు బడి సెలవులు నడుస్తుండగానే అక్కడ సముద్రం పోటెత్తడం మొదలవుతుంది. ఆ రోజుల్లో ఫుకెట్ ప్యాకేజీలు చవగ్గా దొరకడానికి కారణం ఇదే, కానీ ఏజెంటు మీకు ధర చెప్తాడు తప్ప కెరటాల సంగతి చెప్పడు. అందుకే ఊరి పేరు చూసి కాదు, నెల చూసి బీచ్ ఎంచుకోండి అని అడిగిన ప్రతివాళ్లకూ చెప్తున్నాను.

థాయిలాండ్‌కు రెండు వైపులా సముద్రం ఉంది, రెండింటి కాలాలూ వేరు. పడమర వైపు ఫుకెట్, క్రాబీ, కో లాంటా, ఇక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం. తూర్పు వైపు థాయిలాండ్ గల్ఫ్ అనే సముద్రపు పాయలో కో సముయ్, కో ఫంగన్, కో తావ్, ఇక్కడ గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, నవంబరులో మరీ ఎక్కువ. మన నెల్లూరు, తిరుపతి జిల్లాలను తడిపే ఈశాన్య రుతుపవనాల కాలమే అది. పట్టాయా కూడా గల్ఫ్ ఒడ్డునే ఉన్నా బాగా పైకి ఉంటుంది కాబట్టి దాని లెక్క వేరు, అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఎక్కువ తడి.

ఇప్పుడు మన సెలవులతో కలిపి చూడండి. సంక్రాంతికి వెళ్తే ఫుకెట్, క్రాబీ అద్భుతంగా ఉంటాయి, సముద్రం నిలకడగా ఉంటుంది, కాకపోతే హోటల్ రేట్లు మండిపోతాయి. వేసవి సెలవుల్లో, ముఖ్యంగా మే రెండో వారం దాటాక వెళ్లేటట్టయితే ఫుకెట్ బదులు సముయ్ వైపు చూడండి. సముయ్‌కు నేరుగా విమానం ఖరీదు ఎక్కువ, సూరత్ థాని దాకా విమానంలో వెళ్లి అక్కడినుంచి బస్సు, ఫెర్రీ పట్టుకుంటే బాగా తగ్గుతుంది, ఒక పూట పోతుంది అంతే. దసరా సెలవులు మాత్రం థాయిలాండ్ బీచ్‌లకు సరైన సమయం కాదనే చెప్తాను. ఒక వైపు వాన ఇంకా వదలదు, రెండో వైపు మొదలవుతుంది. దసరాకే వెళ్లాలనుకుంటే బ్యాంకాక్ గుళ్లు, మార్కెట్లు, తిండి పెట్టుకుని బీచ్‌ను అదృష్టానికి వదిలేయండి.

ఇంకో విషయం, ఫొటోల్లో చూసి ముచ్చటపడిన చోటు ఆ నెలలో తెరిచి ఉందో లేదో చూసుకోండి. సిమిలాన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. ఫీఫీ దీవుల్లోని మాయా బే 2018లో మూసి 2022 జనవరిలో తెరిచారు, ఇప్పటికీ ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పగడాలు కోలుకోవడానికి మూసి ఉంచుతున్నారు. ఆ రోజుల్లో "మాయా బే టూర్" అని డబ్బు తీసుకుని దూరం నుంచి చూపించి తిప్పేస్తే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

సముద్రంలో దిగే సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ పోయిన ప్రాణాల్లో చాలావరకు పోకుండా ఆపగలిగినవే. వానాకాలంలో ఫుకెట్ పడమటి బీచ్‌ల్లో, పటాంగ్, కరోన్, కటా, సూరిన్ అన్నింటా ఎర్ర జెండాలు కనిపిస్తాయి. ఎర్ర జెండా ఉందంటే మోకాలి లోతుకు కూడా దిగకూడదు. పైన ఎండ కాస్తున్నా, అలలు చిన్నగా కనిపిస్తున్నా సరే. అలలు విరగకుండా నీళ్లు నున్నగా, ప్రశాంతంగా ఉన్న చోటు చూసి జనం అక్కడే దిగుతారు, చాలాసార్లు రిప్ కరెంట్ ఉండేది అక్కడే. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఆ దారిన లోపలికి లాగేస్తుంటాయి, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా దానికి ఎదురీది అలసిపోయి మునిగిపోతారు. చిక్కుకుంటే ఎదురీదకండి, వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి, ఆ లాగుడు సన్నగానే ఉంటుంది, దాటితే వదిలేస్తుంది. మన విశాఖ ఆర్కే బీచ్‌లో ఎందరు పిల్లలను ఇలా పోగొట్టుకున్నామో తెలిసినవాళ్లం, పరాయి దేశంలో ఆ కడుపుకోత మన ఇళ్లకు రాకూడదు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలుంటే లైఫ్‌గార్డు కాపలా ఉందని అర్థం, ఆ రెండు జెండాల మధ్యనే స్నానం చేయండి. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే వాదన పెట్టుకోకుండా బయటికి రండి.

పడవల దగ్గర కూడా అంతే. 2018 జులై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే టూరిస్టు పడవ తుఫాను గాలికి మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు, ఆరోజు వాతావరణ హెచ్చరిక ఉన్నా పడవ బయల్దేరింది. కాబట్టి డబ్బు కట్టేశాం కదా అని ఎక్కకండి. ఉదయాన్నే థాయ్ వాతావరణ శాఖ సూచన చూడండి, అలలు రెండు మీటర్లు దాటుతాయంటే ఆ రోజు మానుకోండి, గొడవపడైనా తేదీ మార్చుకోండి. లైఫ్‌జాకెట్ సీటు కింద ఉందంటే చాలదు, ఒంటి మీద ఉండాలి, పిల్లల సైజువి ఉన్నాయా లేదా అని పడవ కదలకముందే అడగండి. గర్భిణులు, నడుమునొప్పి ఉన్న పెద్దవాళ్లు స్పీడ్‌బోటు జోలికి వెళ్లొద్దు, ముఖ్యంగా ముందు సీట్లలో ఒక్కో కుదుపు వెన్నును విరిచేంత గట్టిగా తగులుతుంది. వాళ్లకు పెద్ద ఫెర్రీయే మంచిది.

సముయ్, ఫంగన్ వైపు బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది. అక్కడి బీచ్‌ల్లో చాలాచోట్ల ఒక స్తంభానికి వెనిగర్ సీసా పెట్టి ఉంచుతారు, అది ఎక్కడుందో దిగకముందే చూసుకోండి. కుడితే ఆ చోట రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు, వెనిగర్ ధారగా పోసి, అంబులెన్సు నంబరు 1669కి ఫోన్ చేయండి. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు పిల్లలకు వేస్తే సగం భయం తీరుతుంది.

2004 డిసెంబరు 26 సునామీలో థాయిలాండ్‌లోనే 5 వేల మందికి పైగా పోయారు, ఎక్కువగా ఖావో లాక్, ఫుకెట్, ఫీఫీ ప్రాంతాల్లో. అప్పటినుంచి తీరంలో ఎత్తయిన చోటికి దారి చూపే నీలిరంగు బోర్డులు పెట్టారు. హోటల్లో దిగిన రోజే ఆ దారి ఒకసారి నడిచి చూడండి. భూమి కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా ఫొటోలు తీస్తూ నిలబడొద్దు, పరుగెత్తడమే.

బస ఎక్కడ అన్నది కూడా జాగ్రత్తల్లోకే వస్తుంది. అమ్మానాన్నలతో వెళ్తూ పట్టాయా వాకింగ్ స్ట్రీట్ పక్కన, పటాంగ్ బంగ్లా రోడ్డు మీద హోటల్ తీసుకుంటే తెల్లవారేదాకా మోతకు ఎవరికీ నిద్ర ఉండదు, పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. ఫుకెట్‌లో కటా, కరోన్, పట్టాయాలో జోమ్‌టియన్ వైపు ఉండి, రాత్రి సందడి చూడాలనుకున్నవాళ్లు వెళ్లి వస్తే అందరికీ బాగుంటుంది. పట్టాయా ఊళ్లోని బీచ్ ఈతకు అంత బాగుండదు, అవతలి కో లాన్ దీవికి వెళ్లండి.

రాత్రి బయటికి వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది మందు గురించే. 2024 నవంబరులో పక్క దేశం లావోస్‌లో, వాంగ్ వియాంగ్ అనే ఊళ్లో, మిథనాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. ఊరికే పోసే షాట్లు, బకెట్లలో కలిపి ఇచ్చే కాక్‌టెయిళ్లు, బ్రాండ్ తెలియని విస్కీ ముట్టొద్దు, మూత మీ ముందు తీసిన బీరు నయం. మర్నాడు కళ్లు మసకగా ఉన్నా, కడుపులో తిప్పుతూ ఊపిరి బరువుగా ఉన్నా అది హ్యాంగోవర్ అనుకుని పడుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి, గంటల తేడాలో చూపు పోతుంది, ప్రాణం పోతుంది. కొత్తగా పరిచయమైనవాళ్లు ఇచ్చిన గ్లాసు తీసుకోవద్దు, మీ గ్లాసు వదిలి డాన్సుకు వెళ్తే తిరిగొచ్చి అది తాగొద్దు. తాగి సముద్రంలో దిగడం అసలు వద్దు, రాత్రిపూట లైఫ్‌గార్డులుండరు. కో ఫంగన్ ఫుల్ మూన్ పార్టీకి వెళ్తే గట్టి బూట్లు వేసుకోండి, ఇసుకంతా గాజు పెంకులుంటాయి, మండే తాడు దూకుడు ఆటలో కాళ్లు కాల్చుకున్నవాళ్లు ఎందరో.

మేడ మీద ఫ్రీ షో అని పిలిచే బార్లకు వెళ్తే, లోపలికి వెళ్లాక చేతికొచ్చే బిల్లు వేరుగా ఉంటుంది. అక్కడ నలుగురి మధ్య పోట్లాడొద్దు, అడిగింది ఇచ్చి బయటపడి, 1155కి ఫోన్ చేయండి, అది టూరిస్ట్ పోలీసు నంబరు, ఇంగ్లీషులో మాట్లాడతారు. జెట్‌స్కీ తీసుకునే ముందు దాని చుట్టూ వీడియో తీసుకోండి, పాత గీతలకు మీ దగ్గర వేల బాత్‌లు (అక్కడి డబ్బు) అడిగే మోసం పట్టాయాలో, ఫుకెట్‌లో పాతదే. జెట్‌స్కీకైనా, స్కూటర్‌కైనా పాస్‌పోర్టు తాకట్టు పెట్టకండి. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ బయట ఎవరైనా "ఈరోజు మూసేశారు" అంటే నమ్మకుండా గేటు దాకా నడవండి. లేదంటే వాళ్లు ఎక్కించే టుక్‌టుక్ (అక్కడి ఆటో) మిమ్మల్ని నగల కొట్లు తిప్పుతుంది. ప్యాలెస్‌లోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి.

స్కూటర్ అద్దెకు తీసుకునేవాళ్లు వినండి. అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు కాబట్టి ధైర్యం వచ్చేస్తుంది, కానీ థాయిలాండ్ రోడ్లు ప్రపంచంలోనే ప్రమాదాలు ఎక్కువ జరిగే వాటిలో ఉన్నాయి, పటాంగ్ కొండ దిగుడు వాన పడ్డాక నున్నగా జారుతుంది. ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అందులో టూవీలర్ కూడా ఉందో చూసుకోండి. అది లేకపోయినా, తాగి నడిపినా ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వదు, అక్కడి ప్రైవేటు ఆసుపత్రి బిల్లు ఇల్లు అమ్ముకునేలా చేస్తుంది. పర్మిట్ లేకపోతే గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోండి. సోంగ్‌క్రాన్ పండగ రోజుల్లో, అంటే ఏప్రిల్ 13 నుంచి 15, బండి అసలు ముట్టొద్దు.

చట్టాల్లో కొన్ని మనవాళ్లకు తెలియక ఇరుక్కునేవి. ఈ-సిగరెట్లు అక్కడ నిషేధం, వీధుల్లో అమ్ముతున్నా సరే, పట్టుకుంటే జరిమానా. రాజకుటుంబం గురించి నోరు జారితే 3 నుంచి 15 ఏళ్ల జైలు. గంజాయిని 2022 జూన్‌లో నిషేధిత జాబితా నుంచి తీశారు, 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అన్నారు, రీల్స్‌లో చూసిన పాత సమాచారం నమ్ముకోకండి. తిరిగొచ్చేటప్పుడు అది ఒక్క గ్రాము బ్యాగులో ఉన్నా మన దగ్గర మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కేసే. బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర శంషాబాద్‌లో హైడ్రోపోనిక్ గంజాయి పట్టుబడిన వార్తలు చదువుతూనే ఉన్నాం, వాళ్లలో కొందరు టికెట్, ఖర్చులు ఎవరో పెట్టారని ఆశపడి బ్యాగు మోసినవాళ్లు. ఎయిర్‌పోర్టులో "బరువు ఎక్కువైంది, ఈ ప్యాకెట్ మీ దాంట్లో పెట్టుకోండి" అన్నవాళ్లు తెలుగువాళ్లయినా సరే, కాదనండి.

ఇరవై ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. టూరిస్టుగా బ్యాంకాక్ వచ్చెయ్, అక్కడ డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తాం అని పిలిచే ఏజెంట్లు థాయ్ సరిహద్దు పట్టణం మే సాట్ మీదుగా మయన్మార్‌లోకి దాటించి సైబర్ మోసాల శిబిరాల్లో పడేస్తున్నారు. 2025 మార్చిలో మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు, వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. సరదా ప్రయాణంలో సరిహద్దు వైపు కారు ఎక్కించారంటే అక్కడే దిగిపోవాలి, కేకలు వెయ్యాలి. కంబోడియా సరిహద్దులో కూడా 2025లో రెండు దేశాల సైన్యాలు కాల్పులు జరుపుకున్నాయి, రోడ్డు మార్గాన అంగ్‌కోర్ వాట్ చూసొద్దామనే ప్లాన్ పెట్టుకోకండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. 2024 జులై నుంచి మనకు వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చారు, ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజు థాయ్ ఎంబసీ సైట్‌లో చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగడానికి మూడు రోజుల లోపల థాయ్ ఇమ్మిగ్రేషన్ సైట్‌లో నింపాలి, పైసా కట్టనక్కర్లేదు, డబ్బు అడిగే సైట్ నకిలీది. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్లు, కొంత నగదు చేతిలో ఉంచుకోండి, ఇమ్మిగ్రేషన్‌లో అడగొచ్చు. ఏటీఎం "రూపాయల్లో కట్ చేయమంటారా" అంటే వద్దని బాత్‌లోనే తీసుకోండి.

1155, 1669, బ్యాంకాక్‌లోని మన ఎంబసీ అత్యవసర నంబరు, ఇన్సూరెన్స్ పాలసీ నంబరు ఫోన్లో ఉంటే చాలదు, ఫోను నీళ్లలో పడుతుంది, పోతుంది. ఒక కాగితం మీద రాసి వెంట వచ్చే ప్రతి ఒక్కరి జేబులో ఒక కాపీ పెట్టండి, ఇంట్లో ఉండేవాళ్లకు ఒకటి ఇచ్చి, ఏ రోజు ఏ దీవిలో ఉంటారో తేదీలతో సహా దాని వెనక రాయండి.