దారి మధ్యలో మోటర్‌హోమ్ స్టార్ట్ కాకపోతే: నా అనుభవం

నెవాడాలో యూఎస్-50 రోడ్డు. మేం మోటర్‌హోమ్‌లో, అంటే లోపలే ఇల్లులా ఉండే బండిలో వెళ్తున్నాం. 1986లో లైఫ్ పత్రిక అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అని రాసింది దీని గురించే. యురేకా అనే ఊరు దాటాక టీ తాగడానికి పక్కకు ఆపాం. మళ్ళీ తాళం తిప్పితే టకటకమని చప్పుడు, డ్యాష్ లైట్లు మసకబారడం, అంతే. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

న్యూట్రల్‌లో పెట్టి చూశాం, బ్యాటరీ టెర్మినళ్ళు (తీగలు తగిలించే కొసలు) తుడిచి బిగించాం, లాభం లేదు.

పనిచేసింది ఇదీ. ఈ బండ్లలో ఇంజన్‌కు ఒక బ్యాటరీ, ఇంటి భాగానికి వేరే బ్యాటరీ ఉంటాయి. ముందు ఫ్రిజ్, హీటర్, నీళ్ళ పంపు, లైట్లు అన్నీ ఆపేశాం. తర్వాత బండిలోనే ఉండే జనరేటర్ వేశాం. అది ఇంటి బ్యాటరీతోనే స్టార్టవుతుంది, దాన్నే ఛార్జ్ చేస్తుంది. అరగంట అలాగే వదిలేశాం. ఆ తర్వాత స్టీరింగ్‌కు ఎడమవైపు, మోకాలి దగ్గర ‘బ్యాటరీ బూస్ట్’ అని రాసున్న చిన్న నల్ల స్విచ్‌ను మా తమ్ముడు నొక్కి పట్టుకున్నాడు. అది రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. వెంటనే తాళం తిప్పకుండా రెండు నిమిషాలు ఆగాం. అసలు కిటుకు అదేనని నా నమ్మకం. స్విచ్ వదలకుండానే తిప్పితే ఇంజన్ అందుకుంది. ఊరు చేరేదాకా ఆపలేదు.

అన్ని మోడళ్ళలోనూ ఈ స్విచ్ ఉండదు. స్టార్టర్ మోటరే పోయుంటే ఇది పనికిరాదు. పెట్రోల్ ట్యాంకు పావు వంతుకు దిగితే చాలా బండ్లలో జనరేటర్ ఆగిపోతుంది, కాబట్టి ఇలాంటి రోడ్లెక్కే ముందు ట్యాంకు నింపుకోండి.