గేమింగ్ పీసీ వేడెక్కి మోత మోగుతోందా? ఇంట్లోనే ఇలా సరిచేసుకోండి

పోయిన ఎండాకాలం మా పీసీలో గేమ్ పెట్టిన పది నిమిషాలకే పిండిగిర్నీ లెక్క మోత మొదలయ్యేది. వంటింట్లోంచి అమ్మ "ఆ గిర్నీ బంద్ చెయ్యిరా" అని ఒకటే కేకలు. షాపులో చూపిస్తే ప్రాసెసర్‌కు కొత్త కూలర్ వేయాలన్నారు. సరే, కొనేముందు ఒకసారి చూద్దామని మూత తీస్తే లోపల హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే రేకులు) మీద దూది పొర, వేలితో లాగితే చిన్న వత్తిలా ఊడొచ్చింది. మాది వరంగల్‌లో పత్తి, మిర్చి అమ్మే ఎనుమాముల మార్కెట్ దగ్గర, పత్తి సీజన్‌లో గాల్లో ఎగిరేదంతా అందులోకే పోయింది మరి. అందుకే చెప్తున్నా, డబ్బులు పెట్టేముందు ముందు దుబ్బ దులపండి.

దులపడానికంటే ముందు ఒక పని ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, అరగంట గేమ్ ఆడి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ఎన్ని డిగ్రీల వరకు వెళ్లాయో రాసిపెట్టుకోండి. 85 డిగ్రీల లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ప్రాసెసర్ 95, 100 తాకుతుంటే అది తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది, గేమ్ ఆగి ఆగి నడిచేది చాలాసార్లు అందుకే. (ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్లలో కొన్నిటిని బరువు పడ్డప్పుడు 95 దాకా వెళ్లేలాగే తయారుచేశారు, దానికి భయపడకండి.) ఇంకొకటి, ఫ్యాన్లు రూంలో ఉన్న గాలినే లోపలికి తోస్తాయి కాబట్టి మే నెలలో మన వరంగల్ ఎండకు రూమే 38 ఉంటే, డిసెంబర్‌లో వచ్చిన అంకె ఇప్పుడు రమ్మన్నా రాదు.

సీపీయూ డబ్బాను టేబుల్ అరలో దూర్చి ఉంటే బయటకు తీయండి, వెనక గోడకు జానెడు జాగా వదలండి. చల్లగా ఉంటుందని ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం పెట్టొద్దు, ఆ తేమ, నీటి తుంపర బోర్డుకు మంచిది కాదు.

ఇక దులపడం. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒక ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. చేత్తో క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకితే ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. డాబా మీదికి తీసుకెళ్లి మెత్తటి బ్రష్, చిన్న బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి అడ్డగోలుగా తిరిగి బేరింగ్ పోతుంది. అసలు దూది దాక్కునేది ప్రాసెసర్ ఫ్యాన్‌కూ దాని కింది రేకులకూ మధ్య, కాబట్టి ఫ్యాన్ విప్పి చూడండి, పైపైన ఊదితే లాభం లేదు. పవర్ సప్లైని మాత్రం విప్పకండి, ప్లగ్ పీకాక కూడా అందులో కరెంట్ నిలిచి ఉంటుంది, బయటి నుంచే ఊదండి.

మూడు నాలుగేళ్ల పీసీ అయితే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. పాత రైజెన్లలో కూలర్‌ను నేరుగా పైకి లాగితే ఒక్కోసారి ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడొచ్చి పిన్నులు వంగుతాయి, అందుకే విప్పేముందు కాసేపు గేమ్ నడిపి వేడెక్కనివ్వండి, ఆపి ప్లగ్ పీకాక అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో కొత్త పేస్ట్ బఠాణీ గింజంత పెడితే చాలు, దోశ పిండిలా పరచాల్సిన పనిలేదు.

ఇప్పుడు మోత సంగతి. టకటక అంటే ఎక్కువసార్లు ఏదో వైరు రెక్కకు తగులుతున్నట్టు, ట్యాగ్ వేసి కట్టేయండి. గరగర అంటే ఫ్యాన్ బేరింగ్ అరిగింది. ఏ ఫ్యానో తెలియకపోతే పీసీ ఆపి క్యాబినెట్ ఫ్యాన్ల వైర్లు ఒక్కొక్కటీ పీకి, మళ్లీ ఆన్ చేసి వినండి, ప్రాసెసర్ ఫ్యాన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. గేమ్‌లో మాత్రమే సన్నగా కీచుమంటుంటే అది గ్రాఫిక్స్ కార్డ్‌లోని కాయిల్ (తీగ చుట్ట) శబ్దం, కార్డు పాడైనట్టు కాదు.

చివరగా గేమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు వచ్చే ఫ్రేములు) లిమిట్ పెట్టండి. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ మానిటర్ మీద 140 ఫ్రేములు నడిపినా కంటికి కనిపించేది 60 మాత్రమే, కార్డు మాత్రం ఊరికే కాగుతుంది. ఆ కీచు కూడా దీంతోనే చాలావరకు తగ్గుతుంది.

అన్నట్టు, దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మొన్న మార్చిలో మళ్లీ మూత తీస్తే ఫిల్టర్ నిండా మిర్చి ఘాటు, తుమ్ములు ఆగడానికి పావుగంట పట్టింది.