చేట మీద రంగు ఊడిపోతుంటే నాకు పనిచేసిన పద్ధతి

శ్రీకాకుళంలో పాత సామాన్ల కొట్టులో 60 రూపాయలకు ఒక వెదురు చేట కొన్నాను. ఎర్ర రంగు వేసి, దాని మీద తెల్లగా సవర గిరిజనుల తరహా బొమ్మలు గీసి గోడకు తగిలించాలని ఆశ. వారం తిరగకుండానే అక్రిలిక్ రంగు పెచ్చులుగా రాలింది. మందంగా వేశాను, పైన వార్నిష్ పూశాను, లాభం లేదు.

అసలు లోపం అడుగున ఉంది. ఏళ్ల తరబడి చెరిగిన చేటకు తవుడు పట్టేసి ఉంటుంది, వెదురు పైపొర నున్నగా జారుతుంది. అందుకే రంగంతా గీకేసి, పాత టూత్‌బ్రష్‌తో సందులన్నీ దులిపాను. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. 120 నంబర్ గరుకు కాగితంతో బద్దల వెంబడే, అడ్డంగా కాకుండా, మెల్లగా రుద్దాను. తర్వాత ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి రెండు వైపులా పల్చగా పూశాను. ఈ రెండు వైపులా అన్నదే ముఖ్యం: ఒక్క వైపే పూస్తే రెండో వైపు తేమ పీల్చి చేట వంగుతుంది. రాత్రంతా ఆరాక రంగు రెండు పల్చటి పూతలు, ఆపైన బొమ్మలు.

వానాకాలం దాటింది, ఒక్క పెచ్చు రాలలేదు. ఎంత సంతోషమో! కాకపోతే నాది లోపలి గది గోడ. జల్లు కొట్టే వరండాలో ఇది నిలుస్తుందని మాత్రం చెప్పలేను.