మంచి ప్రవర్తన కూడా నేర్పాల్సిన పాఠమే: బెజవాడ బడుల్లో, కాలనీల్లో ఇలా మొదలుపెట్టండి

లెక్క రాకపోతే పిల్లాడికి మళ్లీ చెబుతాం, పద్యం రాకపోతే పదిసార్లు చదివిస్తాం, అదే క్యూలో తోసుకుంటే మాత్రం ఎలా నిలబడాలో ఒక్కసారి కూడా చూపించకుండా నేరుగా తిట్టేస్తాం. బుద్ధులు ఇంట్లో నేర్పాలని టీచర్లంటారు, బడిలో నేర్పాలని అమ్మానాన్నలంటారు, చివరికి ఎవరూ నేర్పరు. కొట్టి నేర్పుదామంటే విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా హింసించడం కూడా నిషేధమే. సరే, మరేం చేయాలి?

ముందు ఒక వారం ఊరికే గమనించండి. గొడవలు ఎక్కడ, ఏ టైంలో జరుగుతున్నాయో ఒక నోట్‌బుక్‌లో రాయండి, పేర్లు మాత్రం రాయొద్దు. మధ్యాహ్నం ప్లేట్లు కడిగే కుళాయిల దగ్గర, లాంగ్ బెల్ కొట్టాక మెట్ల మీద, సాయంత్రం గేటు బయట ఆటోల దగ్గర, ఇలా రెండు మూడు చోట్లే ఎక్కువగా కనిపిస్తాయి. రెండొందల మందికి నాలుగు కుళాయిలుంటే ఎంత బుద్ధిమంతులైనా తోసుకుంటారు, అక్కడ నీతులు చెప్పే బదులు క్లాసుల వారీగా ఐదైదు నిమిషాల తేడాతో వదలండి, చాలా గొడవ అక్కడికక్కడే తగ్గిపోతుంది.

తర్వాత పిల్లలతో కూర్చుని రూల్స్ రాయండి. మూడు చాలు. "తోసుకోకూడదు, అరవకూడదు, పారేయకూడదు" అని రాస్తే ఏం చేయకూడదో తెలుస్తుంది గానీ ఏం చేయాలో తెలియదు కదా, అందుకే "మన వంతు వచ్చేదాకా ఆగుదాం", "చిన్న క్లాసువాళ్లని ముందు పోనిద్దాం" అని రాయండి. రాసి గోడకి అంటించి వదిలేయకండి, క్లాసుని ఆ కుళాయి దగ్గరికే తీసుకెళ్లి నిలబెట్టి, చేయించి చూపించండి. జూన్‌లో బడి తెరిచిన వారంలో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత మరోసారి చేయించాలి, సెలవులయ్యాక పిల్లలు మర్చిపోవడం మామూలే.

ఇక అసలు పని మెచ్చుకోవడం, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనం దీన్ని బొత్తిగా చేయం. ఇంట్లో ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందంటాం, బడిలో పొగిడితే నెత్తికెక్కుతారంటాం. పిల్లాడు రోజంతా చక్కగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, ఒక్క పెన్సిల్ విసిరితే క్లాసంతా వాడివైపే తిరుగుతుంది, మరి వాడు దేన్ని మళ్లీ చేస్తాడు? మెచ్చుకునేటప్పుడు "గుడ్ రా" అని ఊరుకుంటే సరిపోదు, ఏం చేశాడో చెప్పాలి. "ఆ మూడో క్లాసు పాప కింద పడితే పుస్తకాలు ఏరిచ్చావు, చూశాను నాన్నా" అంటే వాడికి ఏది మంచి పనో అర్థమవుతుంది, టీచర్ తనని చూస్తున్నారని కూడా అర్థమవుతుంది. ఒక మందలింపుకి నాలుగు మెచ్చుకోళ్లు ఉండాలనేది ఇలా మెచ్చుకుంటూ ప్రవర్తన నేర్పే స్కూళ్లలో ఒక లెక్క. హైస్కూలు పిల్లల్ని మాత్రం అందరి ముందూ పొగడొద్దు, తోటివాళ్లు ఏడిపిస్తారు, కారిడార్‌లో ఎదురైనప్పుడు మెల్లగా ఒక మాట అనండి చాలు.

చిన్న క్లాసులకి ఒక ఆట ఉంది, గుడ్ బిహేవియర్ గేమ్ అంటారు. 1969లో అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక నాలుగో తరగతిలో దీన్ని పరీక్షించారు. క్లాసుని జట్లుగా చేసి, రూల్ తప్పినప్పుడల్లా జట్టుకి ఒక గీత పెడతారు, గీతలు హద్దు దాటకపోతే అన్ని జట్లూ గెలిచినట్టే. 1980ల్లో బాల్టిమోర్ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇది ఆడిన పిల్లల్ని పెద్దయ్యాక పరిశీలిస్తే, ముఖ్యంగా చిన్నప్పుడు దూకుడుగా ఉన్న మగపిల్లల్లో, మత్తుపదార్థాల సమస్య తక్కువగా కనిపించింది. మీ క్లాసులో పది నిమిషాలతో మొదలుపెట్టండి, బహుమతిగా ఒక పాటో కథో చాలు. జట్టు ఓడిపోవడానికి ఒకే పిల్లాడు కారణమవుతున్నాడనిపిస్తే వాడిమీద అందరూ పడకముందే జట్లు మార్చేయండి.

తప్పు చేసినప్పుడు దగ్గరికెళ్లి తక్కువ గొంతుతో మాట్లాడండి. గోడ మీద రాసినవాడు ఆ గోడే తుడవాలి, ఎవరినైనా ఏడిపించినవాడు వాళ్లకి ఏ సాయం చేస్తాడో వాడే చెప్పాలి. పుస్తకం చదవడాన్నీ, బడి ఊడవడాన్నీ శిక్షగా ఇవ్వకండి, ఆ పనుల మీద జీవితాంతం అసహ్యం పుడుతుంది.

ఎంత చెప్పినా మారని పిల్లలు ఒకరిద్దరుంటారు. వాళ్లకి రూల్స్ కంటే మనిషి అవసరం. పొద్దున రాగానే, సాయంత్రం వెళ్లేముందు ఒకే టీచర్ రెండు నిమిషాలు పలకరించాలి: తిన్నావా, నిద్రపోయావా, ఇంట్లో ఎలా ఉంది? ఇంట్లో ప్రమాదముందనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి, మనసు బాగోలేదనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.

బడి బయట కూడా ఇదే పద్ధతి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నీళ్లలో దిగి పాల ప్యాకెట్లూ మంచినీళ్లూ అందించినవాళ్లలో, ముసలివాళ్లని బయటికి తెచ్చినవాళ్లలో కుర్రాళ్లు చాలామంది. నిజమైన పని అప్పగిస్తే చేస్తారు. మీ కాలనీ వినాయక చవితి కమిటీలో చందాల లెక్క వాళ్లనే రాయమనండి, రాత్రి పదింటికి మైకు ఆపే బాధ్యత కూడా వాళ్లకే ఇవ్వండి. ఇంటర్ పిల్లాడికి బండి తాళం మాత్రం ఇవ్వకండి. మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. హెల్మెట్ లేకుండా బెంజ్ సర్కిల్ దాటే నాన్న చెబితే ఏ పిల్లాడూ వినడు, కాబట్టి ముందు మీరు పెట్టుకోండి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల కంటే ముందు "మా వాడు ఈ మధ్య ఏం మంచి పని చేశాడు టీచర్?" అని అడగండి. టీచర్లూ, ప్రతి పిల్లాడి గురించీ ఒక జవాబు సిద్ధంగా ఉంచుకోండి. మొదటి రెండు వారాల్లో పెద్ద మార్పు కనిపించదు, ఆపకండి. మూడు నెలలయ్యాక అవే చోట్ల మళ్లీ ఒక వారం గమనించి, పాత నోట్‌బుక్‌తో పోల్చి చూసి, ఇంకా గొడవ జరుగుతున్న చోట రూల్ మార్చాలా, బెల్ టైం మార్చాలా అన్నది పిల్లల్నే అడగండి.